మూడో పంపు అలీముద్దీన్ తీర్పులు

అలీముద్దీన్ చాలా మంచివాడని మొదలుపెడితే మా గోదావరిఖనిలో నన్నెవరూ నమ్మరు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గాని, ఆయన నోటి దెబ్బ తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. కాబట్టి ఉన్నదున్నట్టే చెబుతాను. ఆయనది మంచి చెవి, చెడ్డ నోరు. ఆ చెవి మీది గౌరవంతో ఆ నోటిని జనం ఏళ్ళ తరబడి భరించారు. చెవి పోయిందని తెలిశాక మాత్రం ఒక్కరూ వదిలిపెట్టలేదు.

ఆయన పుట్టింది కాజీపేటలో. తండ్రి గులాం అలీ అక్కడి రైల్వేవాళ్ళ క్లబ్బులో వంటమనిషి. శనివారం సాయంత్రాలు ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ ఆడవాళ్ళు అక్కడ డాన్సు చేసేవారు. గూడ్సు బండికి గార్డుగా పనిచేసే ఒక దొర శాక్సోఫోన్ ఊదేవాడు. వెనక గదిలో గ్లాసులు కడుగుతూ అలీముద్దీన్ ఆ ఊదుడు విని పెరిగాడు. దాన్ని జాజ్ అంటారని అక్కడే తెలుసుకున్నాడు. మీసాలు వచ్చేనాటికి సంగీతమంటే చెవి కోసుకునే మనిషయ్యాడు. ఊదడం మాత్రం ఎవరూ నేర్పలేదు. గ్లాసులు కడిగేవాడి చేతికి శాక్సోఫోన్ ఎవరిస్తారు? తనకు రాని పని చేసేవాళ్ళ మీద ఒక కోపం ఉంటుంది చూడండి, అది ఆయనకు అక్కడే పట్టుకుందని నా అనుమానం.

తండ్రి పోయాక మేనమామ వెంట గోదావరిఖని వచ్చి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. మూడో పంపు దగ్గర ఖలాసీ. బాయిలో అన్నిటికన్నా లోతైన చోట నీళ్ళు ఊరుతాయి. వాటిని పంపు పైకి తోడుతూ ఉంటుంది. ఆ పంపు పక్కన ఒక మనిషి షిఫ్టంతా ఒంటరిగా కూర్చోవాలి. మాట్లాడటానికి పంపు తప్ప దిక్కు లేదు, పంపేమో ఒకటే మోత. ఆ మోత కాస్త తగ్గేచోట, గోడ మలుపులో, ఒక ఫోను బిగించి ఉండేది. నీళ్ళు పెరిగితే చెప్పడానికి, పైనుంచి ఏదైనా కబురొస్తే వినడానికి.

ఈ కథంతా ఆ ఫోను మీదే నడుస్తుంది కాబట్టి దాని సంగతి చెప్పాలి. బాయిలోని ఫోన్లన్నీ ఒకే తీగ మీద ఉండేవి. ఒకడు హ్యాండిల్ తిప్పితే అన్ని చోట్లా గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగితే ఎవరికి కబురో ఒక గుర్తు ఉండేది. గుర్తు ఎవరిదైనా సరే, రిసీవర్ ఎత్తినవాడికల్లా అందరి మాటలూ వినపడతాయి. పని దినాల్లో పని చేయించే ఓవర్‌మెన్ల తిట్లతో ఆ తీగ కాలిపోయేది. ఆదివారం బొగ్గు తీయరు. కానీ నీళ్ళకు ఆదివారం తెలియదు గనక పంపులు నడుస్తాయి, ఇంజన్ల దగ్గర మరమ్మతులు సాగుతాయి, అక్కడక్కడా ఒంటరిగా మనుషులు కూర్చుంటారు. ఆదివారం ఆ తీగ వాళ్ళది.

అందులో ముఖ్యులు నలుగురు. మూడో పంపు అలీముద్దీన్. రెండో పంపు కొమురెల్లి. బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద తాడుతో పైకి లాగే హాలేజీ ఇంజను మీద పోశం. వీళ్ళందరికీ పైన, ఎండలో, టెలిఫోన్ గదిలో కూర్చునే లింగమూర్తి. వీళ్ళు ఒకరినొకరు గొంతులతోనే ఎరుగుదురు. పోశం, అలీముద్దీన్ ఏళ్ళకేళ్ళు తీగ మీద తిట్టుకుంటూ, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే దీపాల గదిలో పక్కపక్కన నిలబడి కూడా ఇతనే అతనని తెలియక బీడీకి నిప్పు ఇచ్చిపుచ్చుకునేవారట. ఒకరోజు అలీముద్దీన్ నిప్పిస్తూ ఏదో గొణిగితే ఆ గొంతు విని పోశం బీడీ పారేసి వెళ్ళిపోయాడు.

లింగమూర్తి బావమరిది మస్కట్ నుంచి రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ తెచ్చి ఇచ్చాక వీళ్ళ ఆదివారాలు మారిపోయాయి. రేడియోలో ఏ మీటరు మీద, ఏ వేళకు జాజ్ వస్తుందో అలీముద్దీన్ చెప్పాడు. లింగమూర్తి దాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి, ఆదివారం టెలిఫోన్ గదిలో టేపు పెట్టి, దాని ముందు రిసీవర్ ఆనించాడు. అడుగున ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించారు.

మొదట నోరు విప్పినవాడు పోశం. "ఏందిది లింగన్నా, ఎవలనన్న పట్టుకొని కొడుతుండ్రా?"

"నోర్ముయ్యి, ఇను," అన్నాడు అలీముద్దీన్. "ఆడు ఒక పాటను చెయ్యి పట్టుకొని ఇంట్ల నుంచి బయటికి తీస్కపోతడు. ఊరంత తిప్పుతడు. గల్లీ గల్లీ తిప్పి మల్ల ఇంటికే తెస్తడు. ఎంత దూరం తీస్కపోయిండు, ఎంత సక్కగ తోల్కొచ్చిండు, గంతే సూడాలె."

ఆ ఒక్క మాటతో వాళ్ళకు దారి దొరికింది. ఏడాది తిరిగేసరికి ఆ నలుగురికీ ఇంకొందరు తోడయ్యారు. బాయి మీద వీళ్ళను జాజ్ పార్టీ అనేవాళ్ళు. రేడియో గురగురలో, ఆ ఇంగ్లీషులో ఊదేవాళ్ళ పేర్లు ఎవరికీ అందేవి కావు. అందుకని వీళ్ళే పేర్లు పెట్టుకున్నారు. ఊదే ముందు గొంతు సవరించుకునేవాడు దగ్గోడు. తొందర లేనివాడు నిమ్మళపోడు. పోశం దగ్గోడి పార్టీ. అలీముద్దీన్ నిమ్మళపోడి పార్టీ. కొమురెల్లి ఎవరు గెలిచేలా ఉంటే వాళ్ళ వైపు.

ఆ వాదాలు వినాలి. దగ్గోడికి దమ్ము ఎక్కువని పోశం అంటాడు. దమ్ముతో ఏం పని, దమ్ము మన సైరన్‌కు లేదా అని అలీముద్దీన్. ఆ మధ్యలో కొమురెల్లి దూరి కంట్రోలు దుకాణంలో చక్కెర వచ్చిందా అని అడుగుతాడు. చక్కెర నుంచి మాట పాయాలోకి, పాయాలో అల్లం ఎంత వెయ్యాలన్న దగ్గరికి, అక్కడినుంచి కొత్త బూట్లు ఇవ్వని స్టోరు గుమస్తా పుట్టుక దాకా వెళ్ళి, ఎవరో ఒకరు దగ్గోడిని మళ్ళీ లాక్కొచ్చేసరికి షిఫ్టు అయిపోయేది. తీగ మీద ముఖం కనపడదు గదా, అందుకని ఎదురుగా అనలేని మాటలన్నీ అక్కడ అనేవారు. అందరికన్నా ఎక్కువ అన్నవాడు అలీముద్దీనే. కొమురెల్లి ఒకసారి ఒక ట్రంపెట్ వాణ్ణి మెచ్చుకుంటే, "నీకు చెవులు దేవుడు రుమాలు కట్టుకుంటందుకు ఇచ్చిండు, ఇంటందుకు కాదు" అన్నాడు. కొమురెల్లి నెల రోజులు రిసీవర్ ముట్టలేదు. ఆ నెలంతా అతను రెండో పంపు దగ్గర ఏం చేశాడో, ఎవరితో మాట్లాడాడో అడిగినవాడు లేడు.

అయినా చివరికి అందరూ అలీముద్దీన్ తీర్పు కోసమే ఆగేవారు. టేపు ఆగిన వెంటనే ఎవరూ మాట్లాడరు. మూడో పంపు ఏమంటుందో చూసి, ఆ తర్వాత తమకు నచ్చిందో లేదో తేల్చుకుంటారు. ఈ అలవాటే కొంప ముంచింది.

పోశం తమ్ముడు రాజం ఒక బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాడు. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు. అన్న చెప్పగా ఆదివారాలు టెలిఫోన్ గదికి వచ్చి లింగమూర్తి పక్కన నేలమీద కూర్చుని టేపులు వినేవాడు. విని ఇంటికెళ్ళి నిమ్మళపోడిలా ఊదాలని చూసేవాడు. పెళ్ళి ఊరేగింపులో ఒకసారి పాటను అలాగే గల్లీలు తిప్పితే బ్యాండు మాస్టరు అందరిలోనే చెంప మీద కొట్టాడట. రాజం ఆ దెబ్బ లెక్కచేయలేదు. అతనికి ఒక్క మనిషి మెప్పు చాలు. ఆ మనిషి మూడో పంపు దగ్గర ఉన్నాడు.

ఎనభై నాలుగులో ఒక ఆదివారం పోశం తీగ మీద అందరినీ పిలిచాడు. "మా తమ్ముడు ఊదుతడు. జెర మనసు పెట్టి ఇనుండ్రి. అలీం భాయ్, నువ్వు గుడ."

రాజం టెలిఫోన్ గదిలో రిసీవర్ ముందు నిలబడి ఊదాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన పెళ్ళి పాటే. దాన్ని ఇంట్లోంచి బయటికి తీశాడు, మెల్లగా నడిపించాడు, ఎక్కడో పైకి, చాలా పైకి తీసుకెళ్ళి, అక్కడ కాసేపు నిలిపి, దించి ఇంటికి తెచ్చాడు. ఊదినంతసేపూ లింగమూర్తి ఒళ్ళు ఝల్లుమందని తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

తీగ మీద అందరూ అలీముద్దీన్ కోసం ఆగారు.

"కింద మంచిగనే ఉన్నది," అన్నాడు అలీముద్దీన్. "పైన ఏం లేదు. పైకి పొయ్యేకాడ ఉత్త గాలి. స్వరం పుడతలేదు పిల్లగానికి. పెండ్లిలల్ల ఊదుకొమ్మను, ఆడ ఎవ్వడు ఇనడు."

కొమురెల్లికి మనసొప్పలేదు. "పైన గుడ మంచిగనే వచ్చింది గద భాయ్. నాకైతే సాఫ్ ఇనొచ్చింది."

"నీ చెవులు గొప్పయా, నా చెవులు గొప్పయా?"

ఎవరూ మాట్లాడలేదు. అందరూ విన్నారు ఆ పై స్వరాన్ని. తమ చెవులతో విన్నారు. అయినా అలీముద్దీన్ లేదన్నాడంటే లేదేమోనని వాళ్ళ చెవుల మీద వాళ్ళకే అనుమానం వచ్చింది. వారం తిరిగేసరికి, పైన నిజంగానే కాస్త తక్కువైంది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పోశం కూడా ఇంటికెళ్ళి, "భాయ్ జెప్పింది గుడ ఆలోచించురా, పైన ఇంకింత దమ్ము పట్టాలె" అన్నాడు తమ్ముడితో. సొంత అన్న ఆ మాట అనడంతో రాజంకు మిగిలిన ఆశ కూడా పోయింది. ఆ ఆదివారం రిసీవర్ లింగమూర్తి చేతిలోనే ఉండగా ఆ తీర్పంతా రాజం పక్కనే నిలబడి విన్నాడు మరి.

నెల లోపల క్లారినెట్ అమ్మేసి రాజం బాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే రానివాళ్ళ బదులు పనిచేసేవాడిగా చేరాడు. ఫిల్లరంటే బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడు. టబ్బుల మధ్య చెయ్యి పడి నలగని ఫిల్లర్లు మా ఊళ్ళో తక్కువ. పోశం మాత్రం ఆ రోజు నుంచి అలీముద్దీన్‌తో ఒక్క మాటా ఆడలేదు. ఆదివారాలు వచ్చేవాడు, వినేవాడు, నవ్వేవాడు. కోపం మాత్రం కడుపులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక అలీముద్దీన్ ఇంటి సంగతి. ఆయన భార్య ఇమాంబీ తక్కువ మాట్లాడే మనిషి. వాళ్ళింట్లో మాటలన్నీ దక్కనీ ఉర్దూలోనే, నేనే తెలుగులో చెబుతున్నాను. రాజం ఊదిన కొన్నేళ్ళకు ఒకరోజు ఆయన ప్రెషర్ కుక్కర్ చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే ఎక్కడికని అడిగింది.

"రిపేరుకు. విజిల్ వస్తలేదు."

ఇమాంబీ కుక్కర్ వైపు, ఆయన వైపు చూసింది. పొద్దున ఆ కుక్కర్ విజిల్‌కు పక్కింటి పాప ఉలిక్కిపడి ఏడ్చింది. రిపేరు చేసేవాడు కుక్కర్ పొయ్యి మీద పెట్టి చూపించాడు. ఆవిరి లేచింది, మూత మీది బరువు ఎగిరింది, అలీముద్దీన్‌కు మాత్రం చప్పుడు వినపడలేదు. రిపేరు వాడు "చూసిన్రా సాబ్, మంచిగున్నది" అంటుంటే, "అవునవును" అని కుక్కర్ తీసుకుని వచ్చేశాడు. దారిలో ఎక్కడా ఆగలేదు.

ఆ తర్వాత దాచడం మొదలుపెట్టాడు. పంపు ఖలాసీకి చెవులు వినపడవని తెలిస్తే పంపు మీద ఉంచరు. ఫోను గంట వినలేనివాడు నీళ్ళ దగ్గర ఎందుకు? పైకి తీసుకొచ్చి చీపురు చేతికిస్తారు. పైకొస్తే ఆ తీగ ఉండదు. తీగ లేకపోతే అలీముద్దీన్ ఎవరు? గోదావరిఖనిలో ఒక ముసలి ఖలాసీ, అంతే. ఆయనకు జీతం భయం కన్నా ఈ భయమే ఎక్కువ.

కాబట్టి ఫోను పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. గంట మోగితే చేతికి తెలుస్తుంది. రిసీవర్‌ను చెవికి కాకుండా చెవి వెనక ఎముకకు అదిమి పెట్టుకుంటే కొంత వినపడుతుందని కనిపెట్టాడు. గట్టి మాటలు అందేవి, మెల్లని మాటలు పోయేవి. ఎదుటివాడు మాట్లాడితే వినాల్సి వస్తుంది గనక తానే ఎక్కువ మాట్లాడేవాడు. తీర్పులు పొడుగయ్యాయి. ఇంకా కటువయ్యాయి.

ఒక ఆదివారం పోశం ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన్ని పలకరించాడు, అదీ మెల్లగా. "భాయ్, మీ దిక్కు కంట్రోలు చక్కెర వచ్చిందా?"

"దగ్గోడు ఎప్పటికి దగ్గోడే," అన్నాడు అలీముద్దీన్. "ఆడు మారడు."

భాయ్ చెవి పోయిందని పోశంకు అర్థమైంది. రిసీవర్ పెట్టేశాడు. సాయంత్రం పైకొచ్చి నేరుగా టెలిఫోన్ గదికి వెళ్ళాడు.

తర్వాతి ఆదివారానికి అందరికీ ముందే కబురు వెళ్ళింది. తీగ మీద అంతమంది ఎప్పుడూ చేరలేదు. జాజ్ పొడ గిట్టనివాళ్ళు కూడా రిసీవర్లు ఎత్తుకుని, నవ్వు బయటికి రాకుండా నోళ్ళకు చేతి రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

లింగమూర్తి గొంతెత్తి అరిచాడు. "భాయ్! నిమ్మళపోడిది కొత్త టేపు దొరికింది! పెడుతున్న!"

"పెట్టు."

లింగమూర్తి రిసీవర్‌ను టూ ఇన్ వన్ ముందు పెట్టాడు. అందులో క్యాసెట్టు లేదు. మీట కూడా నొక్కలేదు. గోడ మీది గడియారం నడుస్తోంది, కిటికీ బయట ఒక లారీ వెళ్ళింది. ఒక పాట పట్టేంత సేపు అంతమంది మనుషులు ఊపిరి బిగబట్టి ఉత్త తీగను విన్నారు. మూడో పంపు దగ్గర అలీముద్దీన్ రిసీవర్‌ను ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపుతూ నిలబడి ఉంటాడు. ఆయన అలాగే వింటాడని నీళ్ళ గుంత దగ్గర పనిచేసినవాళ్ళందరికీ తెలుసు.

"అయిపోయింది భాయ్! ఎట్లుంది?"

అలీముద్దీన్ గొంతులో రోజూ ఉండే కారం లేదు.

"ఇన్నేండ్లల్ల నిమ్మళపోడు గిట్ల ఊదలే," అన్నాడు. "పాటను ముట్టుకోలే ఆడు. దాని పక్కపొంటి నడిచిండు. మన ఇంటి ఆడిబిడ్డ పుట్టింట్ల నుంచి పోతుంటె బస్సు దాక ఎన్కెన్క నడుస్తం సూడుండ్రి, మాట్లాడకుంట, గట్ల. నడుమ ఒకకాడ ఆగిండు, ఇన్నరా? ఆడ ఏం ఊదలే. అందరు ఊదుతరు. ఆగుడు ఎవ్వనికి రాదు. మా కాజీపేట గార్డు దొర ఒక్కడే ఆగేటోడు. ఇయ్యాల మల్ల ఇన్న."

ముందుగా పగిలింది పోశం నవ్వు. ఆ వెనక తీగంతా పగిలింది. రుమాళ్ళు తీసేసి, గోడలు పట్టుకుని, నేలమీద కూర్చుని నవ్వారు. అలీముద్దీన్‌కు ఎముకలో ఏదో గరగర అందింది. "ఔ, మెచ్చుకోవాలె మరి," అన్నాడు. దానికి ఇంకా నవ్వారు.

కొమురెల్లి ఒక్కడు నవ్వలేదని అంటారు. అతనే ఒకసారి నాతో అన్నాడు, భాయ్ చెబుతుంటే తనకు నిజంగా వినపడ్డట్టే అయిందని. అయితే ఆ మాట ఆ రోజు తీగ మీద అనలేదు. అననప్పుడు ఎవరికి ఉపయోగం?

ఆ ఆటను ఒక్క రోజుతో ఆపితే మనుషులు అనిపించుకునేవారు. ఆపలేదు. చాయ్ హోటల్లో, బస్టాండు దగ్గర, దీపాల గదిలో, కనపడిన ప్రతివాడూ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "భాయ్, ఆ కొత్త టేపు ఎట్లుండె?" అని అరిచేవాడు. అలీముద్దీన్ సంతోషంగా మళ్ళీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఇంకొంచెం కలిపేవాడు. చుట్టూ చేరినవాళ్ళు మొహాలు గంభీరంగా పెట్టి, తలలూపి, ఆయన వెళ్ళాక బెంచీలు కొట్టి నవ్వేవాళ్ళు. ఇంత మంది ఎదురుగా నిలబడి తన మాట వినడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆ నెల ఇంటికి రెండుసార్లు జిలేబీ తెచ్చాడు.

ఇమాంబీకి నీళ్ళ నల్లా దగ్గర తెలిసింది. పోశం భార్య సమ్మవ్వ బిందె ఎత్తుకుంటూ, "మీ ఆయనకు మంచిగున్నదమ్మా, టేపు లేకున్నా పాట ఇనొస్తది" అంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. ఇమాంబీ బిందె అక్కడే వదిలి ఇంటికొచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని, ముఖం చూపిస్తూ, ఒక్కొక్క మాటా గట్టిగా చెప్పింది.

"అజీ, ఆ దినం టేపు పెట్టలేదంట. ఉత్తగ పెట్టిన్రంట. నవ్వెటందుకు."

"అబద్ధం," అన్నాడాయన. "నేను విన్న."

"కుక్కర్ విజిల్ విన్నరా మీరు?"

మరునాడు మొదటి షిఫ్టులో అలీముద్దీన్ దిగీ దిగగానే హ్యాండిల్ తిప్పాడు. "లింగమూర్తీ, నిజం జెప్పు. ఆ దినం టేపుల ఏమున్నది?" లింగమూర్తి జవాబిచ్చాడు. చెప్పినదేదో మెల్లగా, సిగ్గుతో చెప్పాడు. అలీముద్దీన్ రిసీవర్‌ను చెవికి పెట్టాడు, ఎముకకు పెట్టాడు, రెండో చెవికి మార్చాడు. ఏమీ అందలేదు.

నవ్వులాట పాకి పాకి ఓవర్‌మెన్ చెవిన పడింది. ఆయన జాజ్ పార్టీ మనిషి కాదు, నవ్వలేదు. ఫోను వినపడనివాణ్ణి అడుగున నీళ్ళ దగ్గర కూర్చోబెట్టి ఇన్నాళ్ళూ నడిపించామా అని వణికాడు. ఆ రోజే అలీముద్దీన్‌ను పైకి పిలిపించి దవాఖానకు పంపాడు. నవ్వుకుందామనే అనుకున్నాం గాని పంపు పని పోగొట్టాలని కాదని లింగమూర్తి తర్వాత అందరి దగ్గరా వాపోయాడు. పోశం అలా ఎప్పుడూ అనలేదు.

దవాఖానలో డాక్టరు చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినపడితే వేలు ఎత్తమన్నాడు. అలీముద్దీన్ వేళ్ళన్నీ ఒళ్ళోనే ఉండిపోయాయి. డాక్టరు మంచివాడు. దగ్గరగా కూర్చుని గట్టిగా, ఓపికగా చెప్పాడు. పంపు మోతకు ఇట్లా అవుతుంది. ఒక్క రోజులో కాదు, ఏళ్ళ మీద. ముందు పై స్వరాలు పోతాయి. విజిళ్ళు, పిట్టలు, గాజులు. కింది స్వరాలు చివర దాకా ఉంటాయి గనక మనిషికి తన చెవి పోతున్నట్టు తెలియదు.

"ఎన్నేండ్ల నుంచి?"

"మీకు ఆరేడేళ్ళ కింద మొదలై ఉంటది."

"సాబ్, క్లారినెట్ తెలుసా? దానిల పైకి పోతే?"

"అదే ముందు పోతది. మీకు ఉత్త గాలి లెక్క వినిపిస్తది."

అలీముద్దీన్‌ను పైన పనికి వేశారు. టబ్బుల యార్డులో ఊడ్చే పని. జాజ్ పార్టీ కొన్ని ఆదివారాలు సాగింది. టేపు ఆగాక ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఏమనాలో తెలియక. తర్వాత లింగమూర్తి టూ ఇన్ వన్ ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆ వానాకాలం ఒకరోజు పొద్దున అలీముద్దీన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోశం క్వార్టరుకు వెళ్ళాడు. ఇమాంబీ నక్కో, వెళ్ళొద్దంది. వినలేదు. పోశం వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"పోశం, మీ తమ్ముడు మంచిగనే ఊదిండు," అన్నాడు అలీముద్దీన్. "పైన స్వరం ఉండె. నా చెవే పోయింది. తప్పు జెప్పిన."

పోశం తలెత్తాడు. నూనె చెయ్యి చెవి వెనక పెట్టుకుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ అన్నాడు. "ఇనొస్తలేదు భాయ్. గట్టిగ జెప్పు."

అలీముద్దీన్ గట్టిగా చెప్పాడు. పోశం తల అడ్డంగా ఊపి మళ్ళీ చెయ్యి చెవికి పెట్టాడు. అలీముద్దీన్ అరిచాడు. పక్క క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. నిద్ర ముఖాలతో మనుషులు బయటికొచ్చారు. ముందు ఒకడు, తర్వాత ఇంకొకడు, పోశం లాగే చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని ముసలాయన, గల్లీ నడుమ నిలబడి, మెడ నరాలు తేలేటట్టు, "మంచిగనే ఊదిండు! నాదే తప్పు!" అని అరుస్తూనే ఉన్నాడు. అరిచిన ప్రతిసారీ పోశం, "ఇనొస్తలేదు" అంటూనే ఉన్నాడు. నాకు ఆ గల్లీ మీద ఇప్పటికీ ఒళ్ళు మంటే.

తలుపు తోసుకుని రాజం వచ్చాడు. అన్న చేతిని చెవి మీదినుంచి లాగేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు వాటంతటవే దిగాయి.

అలీముద్దీన్ అతని వైపు తిరిగాడు. "బేటా, ఒక్కసారి ఊదు. నాకు ఇనొస్తదని కాదు. వేళ్ళు సూస్త. నీ వేళ్ళు సూస్తె పాట నాకెర్కయితది. క్లారినెట్ నేను కొనిస్త."

రాజం ఆయన్ని చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది. తర్వాత కుడి చెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, ఆయన కళ్ళ ముందు పెట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు సగానికి తెగి, మొండిగా మాని ఉన్నాయి. రెండు టబ్బుల మధ్య పడి నలిగి అప్పటికి మూడేళ్ళయింది.

అలీముద్దీన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏదో చాలా మెల్లగా గొణిగాడు. గల్లీలో ఎవరూ గట్టిగా చెప్పమనలేదు. రాజం చెయ్యి వెనక్కి తీసుకుని, డ్యూటీకి వేళవుతోందని లోపలికెళ్ళిపోయాడు.